తంగేడు నుంచి రావి ఆకు దాకా: ఏ పువ్వును ఎట్లా అదిమి ఆరబెట్టాలి, దేనికి వాడాలి

నల్లగొండ, పాలమూరు ఇళ్లలో అలంకరణకు పూలకేం కొదవ లేదు. వానకాలం చివర్లో గుట్టల మీద తంగేడు, చేలగట్ల మీద గునుగు విరగబూస్తాయి. పెరట్లో శంఖుపుష్పం, బిళ్ల గన్నేరు, నూరువరహాలు, కాగితం పూలు ఏడాది పొడుగునా ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. వీటిని అదిమి ఆరబెట్టుకుంటే గోడ మీది ఫ్రేముకు, పెండ్లి పత్రికకు, పుట్టినరోజు కార్డుకు, కిటికీలో వేలాడదీసే అద్దానికి పనికొస్తాయి. చాలామందికి చిక్కు ఎక్కడ వస్తుందంటే, ముందే ఒక పద్ధతి పట్టుకుని దొరికిన పువ్వునల్లా అందులో పెట్టేస్తారు. మందారాన్ని పాత డిక్షనరీలో పెట్టి నెల తర్వాత తెరిస్తే నల్లటి మరక, రెండు అతుక్కుపోయిన పేజీలు తప్ప ఏం మిగలవు. అదే డిక్షనరీలో అదే నెల పెట్టిన తంగేడు పువ్వు మాత్రం పచ్చగా, చదునుగా బయటికి వస్తుంది.

కాబట్టి పుస్తకమా, మైక్రోవేవా అన్న ప్రశ్న తర్వాత. ముందు చేతిలో ఉన్న పువ్వును చూడాలి. రేకు ఎంత మందం, లోపల నీళ్లు ఎంత, రంగు ఎట్లాంటిది అన్నవి చూస్తే పద్ధతి దానంతటదే తేలిపోతుంది.

రంగు నిలిచే పూలు, నిలవని పూలు

పసుపు, నారింజ రంగులతో మొదలుపెట్టండి, నిరాశ పడరు. బంతి రేకుల్లోని పసుపు కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల వచ్చింది, ఆరినా అంత తొందరగా పోదు. తంగేడు కూడా రంగు బాగా నిలుపుకుంటుంది. ఎరుపు, ఊదా, నీలం రంగుల్లో ఎక్కువ భాగం ఆంథోసయనిన్లు అనే మరో రకం రంగు పదార్థాల వల్ల వస్తాయి. అవి తేమకు, వెలుతురుకు, పులుపుకు వెంటనే మారిపోతాయి. ఎర్ర గులాబీ ఆరితే నల్లబారిన మెరూన్ అవుతుంది. ఎరుపు కావాలనుకుంటే గులాబీరంగు పువ్వునే పెట్టండి, ఆరాక మీరు అనుకున్న ఎరుపుకు దగ్గరగా వస్తుంది. శంఖుపుష్పం నీలం మాత్రం, వేగంగా ఆరిస్తే చక్కగా నిలుస్తుంది.

తెల్ల పూలు అందరినీ మోసం చేస్తాయి. మల్లె, సన్నజాజి లాంటివి కోసిన కొన్ని గంటల్లోనే గోధుమరంగుకు తిరుగుతాయి. కోసిన ఆపిల్ ముక్క నల్లబడటానికి ఏ ఎంజైములు కారణమో ఇక్కడా అలాంటివే పనిచేస్తాయి. పుస్తకంలో నిదానంగా ఆరుతున్నంతసేపూ వాటికి పని దొరుకుతుంది. తెల్ల పువ్వు కావాలంటే వేడితో వేగంగా ఆరబెట్టాలి, లేకపోతే దాన్ని వదిలేయడమే మంచిది.

ఆకుల సంగతీ ఇంతే. పత్రహరితంలో ఉండే మెగ్నీషియం పరమాణువు ఊడిపోతే పచ్చదనం పోయి ఆకు బురద పచ్చగా మారుతుంది. తడి ఎంతసేపు ఉంటే అంత నష్టం. అందుకే ఆకులకు ఇస్త్రీ పెట్టె నప్పినంతగా పుస్తకం నప్పదు.

ఇక మందం. తంగేడు, బిళ్ల గన్నేరు, కాగితం పూలు, నూరువరహాల విడిపూలు పలుచన, ఇవి దేనిలోనైనా ఆరతాయి. బిళ్ల గన్నేరుకూ నూరువరహాలుకూ వెనకున్న గొట్టాన్ని కత్తిరించి, పువ్వును బోర్లా పెట్టాలి. గొట్టం ఉంచితే రేకులు మడతపడతాయి. బంతి, చామంతి, మందారం మందపాటివి. బంతిని పూర్తి పువ్వుగా ఎప్పుడూ పెట్టకండి. దాని తొడిమలో ఉన్న తడి వారానికి కూడా బయటికి రాదు, బూజు పడుతుంది. రేకులు విప్పి విడివిడిగా ఆరబెట్టి, అతికించేటప్పుడు మళ్లీ పువ్వు ఆకారంలో పేర్చుకోవాలి. చామంతిని బ్లేడుతో నిలువునా రెండుగా కోస్తే పక్క నుంచి చూసినట్టు అందంగా వస్తుంది. మందారంలో జిగురు ఎక్కువ. తప్పదనుకుంటే రేకులు విడదీసి, నునుపైన టిష్యూ కాగితంలో పెట్టి, మొదటి రోజు రెండుసార్లు టిష్యూ మార్చండి. నిజానికి మందారం మీద పడే శ్రమతో పది తంగేడు పూలు చేసుకోవచ్చు.

గునుగును అదమకపోవడమే మేలు. దాని రేకులు చెట్టు మీద ఉన్నప్పుడే కాగితంలా ఉంటాయి. పది పదిహేను కాడలు కట్టగట్టి, ఎండ తగలని గాలి ఆడే అర్రలో తలకిందులుగా రెండు వారాలు వేలాడదీస్తే అట్లానే నిలిచిపోతుంది. సీతజడ పూలకూ ఇదే దారి. ఎండిన తర్వాత కింద పాత బట్ట పరిచి కాడలు దులపండి, సన్నటి నల్ల గింజలు రాలతాయి. దులపకుండా ఫ్రేములో పెడితే అవి అద్దం అడుగున పోగుపడతాయి.

నాలుగు పద్ధతులు, ఎవరికి ఏది

పుస్తకంతో ఖర్చు ఉండదు. పలుచని పూలకు రెండు నుంచి నాలుగు వారాలు చాలు. పాత టెలిఫోన్ డైరెక్టరీ లాంటి గరుకు కాగితం ఉన్న పుస్తకం మేలు, మెరిసే కాగితం తడిని పీల్చుకోదు. పువ్వుకు కిందా మీదా తెల్ల కాగితం ఉంచాలి, అచ్చు సిరా రేకుకు అంటుకోకుండా. పుస్తకం మీద ఐదారు కిలోల బరువు పెట్టాలి. పుస్తకంతో ఉన్న అసలు ఇబ్బంది, తడి బయటికి పోవడానికి అంచులు తప్ప దారి లేకపోవడం. అందుకే వానకాలంలో పుస్తకాన్ని నమ్ముకోవద్దు.

మా మొదటి ఓటు చెక్క ప్రెస్సుకు. ఒకసారి చేయించుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది. వడ్రంగి దగ్గర 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను 12 అంగుళాలు, 10 అంగుళాల కొలతలో రెండు పలకలుగా కోయించండి. నాలుగు మూలల్లో అంచు నుంచి అంగుళం లోపలికి, రెండు పలకలూ కలిపి పట్టి 7 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించాలి. విడివిడిగా వేస్తే రంధ్రాలు కలవవు, బోల్టు వంకరగా దిగుతుంది. 6 మిల్లీమీటర్ల లావు, 4 అంగుళాల పొడుగు బోల్టులు నాలుగు, వాషర్లు, చేత్తో తిప్పే రెక్కల నట్లు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. మధ్యలో పెట్టే అట్టముక్కలు టీవీ, ఫ్రిజ్ డబ్బాల నుంచి కోసుకోవచ్చు. లోపల అలలు ఉన్న అట్టే కావాలి, ఆ గొట్టాల గుండానే తడి గాలి బయటికి పోతుంది.

పేర్చే వరుస ఇది: పలక, అట్ట, రెండు న్యూస్‌పేపర్ మడతలు, తెల్ల కాగితం, పూలు, తెల్ల కాగితం, రెండు న్యూస్‌పేపర్ మడతలు, అట్ట. ఇట్లా ఐదారు వరుసలు పెట్టవచ్చు. ఒక వరుసలో ఒకే మందం ఉన్న పూలే ఉండాలి. ఒక చామంతి పక్కన నాలుగు నూరువరహాలు పెడితే బరువంతా చామంతి మీద పడుతుంది, పక్క పూలకు ఒత్తిడి అందక రేకులు ముడుచుకుంటాయి. పువ్వుకూ పువ్వుకూ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచండి.

నట్లు మొదటి రోజు వేళ్లతో బిగించి ఆపేయండి. స్పానర్ వాడితే రసం బయటికొచ్చి కాగితం మీద మచ్చ, పువ్వు మీద నలుపు. పువ్వు ఆరేకొద్దీ పలచబడుతుంది కాబట్టి మొదటి నాలుగు రోజులూ రోజుకోసారి నట్టును మరో తిప్పు తిప్పాలి. తెల్లారి న్యూస్‌పేపర్లు మార్చండి, మూడోరోజు మరోసారి. పువ్వును పట్టుకున్న తెల్ల కాగితాలను మాత్రం విప్పకండి, వాటిని జంటగా ఎత్తి కొత్త న్యూస్‌పేపర్ మీదికి మార్చాలి. సగం ఆరిన రేకు మీద ఒత్తిడి తీసేస్తే చుట్టుకుపోతుంది, మళ్లీ చదునుగా రాదు. యాసంగి పొడి గాలిలో తంగేడు వారం పది రోజుల్లో సిద్ధమవుతుంది. బంతి రేకులకు రెండు వారాలు పట్టవచ్చు.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి పువ్వును పెదవికి తాకించండి. చల్లగా అనిపిస్తే లోపల తడి ఉన్నట్టే. ఆకైతే మధ్య ఈనెను వంచి చూడండి, టప్పున విరగాలి. వంగితే ఇంకో మూడు రోజులు ఉంచండి.

ఇస్త్రీ పెట్టెది ఆకుల పని. మర్రి, సీతాఫలం, కొత్తిమీర, లేత పత్తి ఆకు అన్నీ దీనితో బాగా వస్తాయి. పత్తి ఆకును మాత్రం మందు కొట్టిన చేను నుంచి తెచ్చుకోవద్దు. ముందు ఆకును ఒక రాత్రి పుస్తకంలో పెట్టి చదును చేయండి. ఆవిరి ఉన్న ఇస్త్రీ పెట్టె అయితే నీళ్లు తీసేసి, పట్టు లేదా నైలాన్ గుర్తు దగ్గర వేడి పెట్టండి. రెండు తెల్ల కాగితాల మధ్య ఆకును ఉంచి పది పదిహేను సెకన్లు నొక్కి, ఎత్తి, చల్లారనివ్వాలి. చీర మీద జరిపినట్టు జరపకూడదు, ఆకు చిరిగిపోతుంది. ఇట్లా నాలుగైదు సార్లు చేస్తే పచ్చదనం పోకముందే ఆకు ఆరిపోతుంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె దీనికి పనికిరాదు, వేడి మన చేతిలో ఉండదు.

మైక్రోవేవ్ ఉన్నవాళ్లు దాన్ని శంఖుపుష్పానికి, తెల్ల బిళ్ల గన్నేరుకు కేటాయించండి. వేడికి ఎంజైములు ముందే పని మానేస్తాయి కాబట్టి రంగు నిలుస్తుంది. రెండు సాదా సిరామిక్ టైల్స్ తీసుకోండి. వాటి మీద బంగారు, వెండి గీతలు ఉండకూడదు. టైల్, తెల్ల కాగితం రెండు పొరలు, పూలు, మళ్లీ కాగితం, పైన టైల్. రబ్బరు బ్యాండ్లతో బిగించి మధ్యస్థ పవర్‌లో 30 సెకన్లు తిప్పండి. తీసి, తెరిచి ఆవిరి పోనిచ్చి, టైల్స్ చల్లారాక మళ్లీ 15 సెకన్లు. ఒకేసారి రెండు నిమిషాలు పెడితే పువ్వు మాడిపోతుంది, కాగితానికి నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అది తిరుగుతున్నంతసేపూ పక్కనే ఉండండి. న్యూస్‌పేపర్, స్టేపుల్ పిన్ను ఉన్న కాగితం లోపలికి పోకూడదు. ఎనభై శాతం ఆరిందనిపించినప్పుడు ఆపి, మిగతాది రెండు రోజులు పుస్తకానికి వదిలేయడం మంచిది. పూర్తిగా ఇక్కడే ఆరబెడితే రేకులు ముట్టుకుంటే పొడి అవుతాయి.

ఎప్పుడు కోయాలి

మన దగ్గర డిసెంబర్ నుంచి మార్చి దాకా గాలి పొడిగా ఉంటుంది, అదే మంచి అదను. ఏప్రిల్, మే నెలల్లో ఆరడం మరీ వేగంగా జరుగుతుంది కానీ, పూలు చెట్టు మీదే వడలిపోతాయి కాబట్టి పొద్దున ఎనిమిదిలోపే కోయాలి. మిగతా కాలాల్లో మంచు ఆరిన తర్వాత, తొమ్మిది పది మధ్య. మంచుబిందువు మీద పెట్టిన ఒత్తిడి గుండ్రటి గోధుమ మచ్చగా మిగులుతుంది.

కష్టమల్లా బతుకమ్మ నెలలో. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఇంట్లో పూలు కుప్పలుగా ఉంటాయి, గాలిలో తేమ కూడా అంతే ఉంటుంది. అప్పుడు పుస్తకం పక్కన పెట్టి, చెక్క ప్రెస్సులో న్యూస్‌పేపర్లు మొదటి మూడు రోజులూ రోజుకు రెండుసార్లు మార్చండి, ప్రెస్సును ఫ్యాను కింద ఉంచండి. బతుకమ్మ పేర్చడానికి నీళ్లు చల్లిన పూలను దీనికి వాడకండి, పేర్చకముందే విచ్చుకున్న తంగేడు పూలు ఓ గుప్పెడు తీసి పక్కన పెట్టుకోండి. తంగేడు రేకులు తేలిగ్గా రాలుతాయి, కోసిన అరగంటలో ప్రెస్సులోకి వెళ్లాలి.

చింతాకు, తంగేడు ఆకు, మునగాకు, వేపాకు లాంటి చిన్నచిన్న ఆకుల రెమ్మలకు మరో చిక్కు ఉంది. చింతాకులు పొద్దుగూకితే ముడుచుకుంటాయి, కోసి పక్కన పెట్టినా ముడుచుకుంటాయి. మధ్యాహ్నంలోపు, చెట్టు కిందనే పుస్తకం తెరిచి పెట్టుకుని కోయాలి. ఆరిన తర్వాత ఆకులు ఈనె నుంచి రాలిపోకుండా, వెనకవైపు కుంచెతో పలుచని ఫెవికాల్ నీళ్లు సన్నగా రాయాలి. అడవి నుంచి తెచ్చుకుందామనుకునేవాళ్లు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల పూలూ ఆకులూ కోయకూడదని గుర్తుంచుకోవాలి, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం దాన్ని అనుమతించదు. పాలమూరులోని పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి పోయినప్పుడు కొమ్మకున్న ఆకు మీద చెయ్యి వేయకండి. మర్రి ఆకు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

కాకర, దొండ నులితీగలను మర్చిపోకండి. రెండు రోజుల్లో ఆరిపోయే ఆ చిన్న చుట్టలు కార్డు మీద పూల మధ్య పెడితే బొమ్మకు కదలిక వస్తుంది.

రావి ఆకు జాలి

ఆకు మీది పచ్చటి పొర తీసేసి, వల లాంటి ఈనెలను మాత్రమే మిగల్చడం ఇది. అదమడం కంటే వేరే పని, కానీ ఈ అలంకరణల్లో ఇంత అందంగా ఉండేది మరొకటి లేదు. ముదిరిన, చిల్లులు లేని పచ్చ రావి ఆకులు తీసుకోండి. లేత ఆకు ఈనెలు కూడా కుళ్లిపోతాయి. మట్టి కుండలోనో ప్లాస్టిక్ బకెట్‌లోనో నీళ్లలో ముంచి, పైన రాయి పెట్టి, మూత వేసి మూడు నాలుగు వారాలు పెరట్లో వదిలేయండి. వారానికోసారి నీళ్లు మార్చాలి, వాసన గట్టిగానే వస్తుంది. ఎండకాలంలో ముందే సిద్ధమవుతుంది. వేలితో రుద్దితే పచ్చటి పొర జారిపోతే అదను వచ్చినట్టు.

ఆకును ఒక పళ్లెం బోర్లించి దాని మీద పరిచి, సన్నగా నీళ్లు పడుతుండగా మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో మధ్య ఈనె నుంచి అంచుల వైపు తీయండి. అడ్డంగా రుద్దితే జాలి తెగుతుంది. రెండో వైపూ అట్లానే. చివర్లో కొసను జాగ్రత్తగా చూసుకోండి, రావి ఆకు తోక తెగితే అందమంతా పోతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో ఆఖరి కడుగుడుకు ఫిల్టర్ నీళ్లు వాడండి, లేకపోతే ఆరాక తెల్లటి పొర కనిపిస్తుంది. తడిగా ఉన్నప్పుడే రెండు కాగితాల మధ్య పెట్టి ఒక రోజు ప్రెస్సులో ఉంచాలి.

నెల ఆగలేనివాళ్లు లీటరు నీళ్లకు రెండు టేబుల్ స్పూన్ల వాషింగ్ సోడా కలిపి సన్నని మంట మీద గంట, గంటన్నర ఉడికించవచ్చు. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. స్టీలుదే వాడండి, చేతులకు గ్లోవ్స్ వేసుకోండి. ఇట్లా చేసిన జాలి కాస్త పెళుసుగా ఉంటుంది.

అతికించడం, కప్పడం

ఫెవికాల్‌ను పువ్వంతా పూయడం చాలామంది చేసే పొరపాటు. అందులో నీళ్లున్నాయి, ఆరిన రేకు మళ్లీ తడిసి రంగు వదిలేస్తుంది. అగరుబత్తి పుల్ల కొసతో పువ్వు మధ్యన ఒక చుక్క, పెద్ద రేకులకు కొసన మరో చుక్క చాలు. పువ్వును వేళ్లతో కాకుండా ట్వీజర్‌తోనో తడిపి పిండిన సన్న కుంచె కొసతోనో ఎత్తండి. అడుగున డ్రాయింగ్ షీట్ లేదా చేతితో చేసిన మందపాటి కాగితం వేయండి, చార్టు కాగితం ఏడాదిలో పసుపుబారుతుంది.

కప్పడానికి అద్దం ఫ్రేమే మంచిది. అద్దం పువ్వును నేరుగా నొక్కి పట్టుకోవాలి, అందుకే ఫ్రేము వెనక అట్టకు ముందు పలుచని ఫోమ్ షీటు పెట్టండి. వెనక అంచులన్నీ టేపుతో మూయాలి. మూయని ఫ్రేములోకి వానకాలం తేమ, పాత పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులు రెండూ దూరతాయి. ఎండ తగిలే పడమటి గోడకు తగిలించారంటే ఒకటి రెండు ఎండకాలాల్లో రంగు తెల్లబోతుంది.

లామినేషన్ బుక్‌మార్కులకు, బడి పిల్లల ప్రాజెక్టులకు సరిపోతుంది. 125 మైక్రాన్ల పౌచ్ తీసుకోండి. పువ్వు కాగితంలా పలుచగా, పూర్తిగా ఆరి ఉండాలి. తడి ఏ కొంచెం ఉన్నా యంత్రం వేడికి ఉడికి గోధుమరంగవుతుంది, మధ్యలో మందం ఉంటే దాని చుట్టూ గాలి బుడగ మిగులుతుంది. బంతి రేకులు, కాగితం పూలు, కొత్తిమీర ఆకు దీనికి బాగుంటాయి. నూరువరహాల్లో కాడ పూర్తిగా తీసేసినవి మాత్రమే.

రెండు ద్రవాలు కలిపి పూల మీద పోస్తే అద్దంలా గట్టిపడే రెజిన్ చూడటానికి బాగుంటుంది కానీ మొదటిసారి చేసేవాళ్లకు మేం చెప్పం. రెండు ద్రవాల పాళ్లు డబ్బా మీద రాసినట్టే తూచి కలపాలి, ఏ కాస్త తేడా వచ్చినా జిగటగానే ఉండిపోతుంది. మే నెల వేడిలో కలిపిన రెజిన్ గిన్నెలోనే గట్టిపడటం మొదలెడుతుంది, వానకాలం తేమలో పైన నూనె లాంటి పొర కడుతుంది. పలుచని రేకులు రెజిన్ పీల్చుకుని అద్దంలా పారదర్శకమైపోతాయి. ముందు రేకుకు రెండు వైపులా పలుచని ఫెవికాల్ పూత వేసి ఆరనిస్తే కొంత ఆగుతాయి. కిటికీలు తెరిచి, గ్లోవ్స్ వేసుకుని, చలికాలంలో పలుచని పొరలుగా పోసుకోండి. బంతి రేకులు, గునుగు ముక్కలు దీన్ని తట్టుకుంటాయి.

దీపావళికి ప్రమిదల మీద, కొవ్వొత్తుల మీద ఎండు పూలు అతికించవద్దు, అవి నిప్పుకు దూదిలా అంటుకుంటాయి. గాజు సీసా బయటివైపు అతికించి లోపల చిన్న ఎల్‌ఈడీ లైటు పెడితే అదే అందం, భయం ఉండదు.

ఏ పువ్వూ దొరకలేదని రోడ్డు పక్కన తెల్లగా నురుగులా పూసే వయ్యారిభామను తెచ్చుకోకండి, చర్మానికి దద్దుర్లు, కొందరికి ఆయాసం వస్తాయి. గన్నేరు, ఉమ్మెత్త విషపు మొక్కలు, చిన్నపిల్లలతో కలిసి చేసే పనికి వాటిని దూరంగా ఉంచాలి.

ఆరిన పూలను వెంటనే వాడకపోతే తెల్ల కాగితం కవర్లలో పెట్టి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో వేయండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు పక్కన ఉంచండి, వానకాలం మొదట్లో వాటిని మార్చండి. కవరు మీద పువ్వు పేరు, కోసిన నెల, ఏ పద్ధతిలో ఆరబెట్టారో రాసి పెట్టుకుంటే, వచ్చే ఏడు ఏ పువ్వును ఎందులో పెట్టాలో మీ ఇంటి లెక్క మీ దగ్గరే ఉంటుంది.